సూది సంగతి చెప్పని సాక్ష్యం

నా మోకాళ్ళ గురించి నాకంటే మా ఆయనకే ఎక్కువ తెలుసు. ఏ పూట ఏ మోకాలు మొండికేస్తుందో, లేపేటప్పుడు నాకు కుడి చెయ్యి ఇవ్వాలో ఎడమ చెయ్యి ఇవ్వాలో ఆయనకు కంఠతా వచ్చు. పెళ్ళయిన నాటి నుంచీ పొద్దుగూకే వేళకు మంచం పక్కన ఇద్దరం మోకాళ్ళూని ప్రార్థన చేసుకోవడం మా ఇంటి అలవాటు. మొదట్లో ఆమెన్ అనగానే నేనే చెంగున లేచి పొయ్యి మీది కూర చూసుకోవడానికి పరిగెత్తేదాన్ని. తర్వాత తర్వాత మంచం పట్టె పట్టుకుని లేవడం, ఆ తర్వాత మంచం పట్టె కూడా చాలకపోవడం. చివరి ఏడెనిమిదేళ్ళుగా ఆమెన్ కాగానే ఆయన ముందు లేచి, నా ఎదుట నిలబడి, చెయ్యి చాచేవాడు. చాచి ఊరుకుంటాడా, బస్సు డ్రైవరుగా చేసిన మనిషి కదా, కండక్టరు బండి కదలమన్నట్టు "రైట్, రైట్" అనేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ మాటకు మాత్రం రోజూ నవ్వు వచ్చేది.

ఆయన మోకాలు కూడా అంత మంచిదేం కాదు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు ఎప్పుడో అరిగింది. కానీ ఇంట్లో ఒక్కళ్ళకే మూలిగే హక్కు ఉంటుందన్నట్టు ఆయన తన మోకాలి మాట ఎత్తేవాడు కాదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా దుమ్ముగూడెం మండలంలో ఏఎన్‌ఎంగా చేశాను. అంటే ఊళ్ళు తిరిగి సూదులు వేసే నర్సమ్మ ఉద్యోగం. గోదావరి ఒడ్డు ఊళ్ళకైతే ఏదో ఒక ఆటో దొరికేది. అడవి లోపలి గుంపులకు, అంటే పదేసి గుడిసెల కోయ పల్లెలకు మాత్రం నడకే గతి. భుజానికి వ్యాక్సిన్ డబ్బా, చంకలో రిజిస్టరు, వాగు వస్తే చెప్పులు చేత పట్టుకుని దాటడం. పోయిన ప్రతి ఇంటి ముందూ గొంతుక్కూర్చుని బాలింతను చూడడం, పసిపిల్లను తూచడం. మోకాళ్ళు అరగక ఏం చేస్తాయి?

ఆ ఉద్యోగంలో నాకు మంచి పేరూ ఉంది, చెడ్డ పేరూ ఉంది. రెండింటికీ కారణం నా నోరే. దవాఖానాకు రానన్నవాళ్ళను తిట్టి మరీ తీసుకుపోయేదాన్ని. కాన్పుకు భద్రాచలం పోనని మొండికేసిన ఒకామెను ఎడ్లబండి ఎక్కించి, మళ్ళీ దిగి పారిపోతుందేమోనని బండి వెనకే నడిచాను. మంత్రాలు వేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అలాంటి ఒక ముసలాయన ఒక కోయ గుంపులో ఉండేవాడు. నన్ను చూస్తే ఆయన నవ్వేవాడు, ఆయన్ను చూస్తే నేను మొహం తిప్పుకునేదాన్ని. ఒక వానాకాలం ఆయనే ఒక పిల్లను భుజాన వేసుకుని సబ్ సెంటరుకు వచ్చాడు. "పిల్ల బెదిరితే నా మంత్రం పని చేస్తది. ఇది చలిజరం, దీనికి నీ గోలీయే," అని పిల్లను బల్ల మీద పడుకోబెట్టాడు. ఆ తర్వాత ఆయన పంపిన జ్వరాలు ఎన్నో చూశాను. ఎందుకో మరి, అప్పుడు ఆ మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వలేదు.

రిటైరయ్యాక కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది, నొప్పి తగ్గుతుంది అనుకున్నాను. తగ్గడం మాట దేవుడెరుగు, తీరుబడిగా కూర్చుని పెరిగింది. మెట్లు దిగడం ఎక్కడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది. దొడ్డికి కూర్చుంటే లేవలేక, ఇంట్లో మరుగుదొడ్డి మార్పించాల్సి వచ్చింది. అన్నిటికంటే నాకు కష్టంగా ఉన్నది చర్చిలో. మా చర్చిలో ఆడవాళ్ళం చాపల మీద కూర్చుంటాం. వెనక గోడ వారగా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. అవి కాళ్ళు రానివాళ్ళకు. ఆ కుర్చీలంటే నాకు అస్సలు పడదు. ఎన్ని సూదులు వేసిన చెయ్యి, ఎన్ని వాగులు దాటిన కాలు, పోయి ఆ కుర్చీలో కూలబడమంటే నావల్ల కాదు. పళ్ళు బిగబట్టి చాప మీదే కూర్చునేదాన్ని.

చివరికి ఒక సోమవారం మా ఆయన బండి మీద ఎక్కించుకుని భద్రాచలంలో ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. డాక్టరు నా కుడి మోకాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, కీలులోకి ఒక సూది వేశాడు. ఇది కొన్నాళ్ళు నొప్పి ఆపుతుందే తప్ప అరిగిన దాన్ని తిరిగి తేదని, ఆ తర్వాత మోకీలు మార్పిడి గురించి ఆలోచించుకోమని చెప్పాడు. ఆ మందు సంగతి నాకు తెలియనిదా? నలుగురికి నేనే చెప్పిన మాట అది. సరేనని తల ఊపి వచ్చాను.

మంగళవారం కాస్త తేలికైంది. గురువారానికి నొప్పి ఎటు పోయిందో తెలియదు. శుక్రవారం మా చర్చిలో స్వస్థత కూటం.

ఎక్కడి నుంచో ఒక దైవజనుడు వచ్చాడు. మంచి గొంతు. నొప్పులున్నవాళ్ళు ముందుకు రండి అంటే చాలామంది పోయారు, నేనూ పోయాను. మోకాళ్ళూనమంటే ఊనాను. తల మీద నూనె రాశాడు, ప్రార్థన చేశాడు, లేవమన్నాడు. నేను లేచాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మంచం పట్టె పట్టుకోకుండా, ఇరవై ఏళ్ళనాటి మనిషిలా లేచాను. నాకే కళ్ళ నీళ్ళు వచ్చాయి. చాపల మీద ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా స్తోత్రం అన్నారు. దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పమని, అంటే సాక్ష్యం చెప్పమని, ఎవరో మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు.

మైకు చేతికొస్తే మనిషికి ఒంటి మీద తెలివి ఉండదు. ఎన్నేళ్ళ నుంచి బాధపడుతున్నానో చెప్పాను. రోజూ మా ఆయన ఎలా లేపుతాడో చెప్పాను. ఈ పూట ఎవరూ లేపకుండా లేచానని చెప్పాను. దేవుడు నా మోకాలును ముట్టాడని చెప్పాను. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. సూది సంగతి మాత్రం చెప్పలేదు.

మగవాళ్ళ వైపు రెండో వరుసలో మా ఆయన కూర్చుని ఉన్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం తన బైబిలు అట్ట మీద దుమ్ము దులుపుకుంటున్నాడు. ఇంటికి పోయేటప్పుడు బండి మీద, "పాపం, సూది ఏసినాయనను కూడా కూటానికి పిలిస్తే బాగుండు," అన్నాడు. డాక్టరుకు చెయ్యి ఇచ్చింది దేవుడు కాదా అని నేను గయ్యిమన్నాను. "అవ్, గదే మైకుల చెప్తే అయిపోవు గదా," అన్నాడు.

ఆ మూడు నెలలూ నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. ఎవరింట్లో ప్రార్థన పెట్టుకున్నా నన్ను పిలిచేవాళ్ళు. సిస్టరమ్మా, ఒకసారి చెప్పు, మా అత్త వింటుంది అనేవాళ్ళు. చెప్పగా చెప్పగా నా సాక్ష్యానికి నునుపు వచ్చింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో తెలిసిపోయింది. సూది సంగతి నేనే మర్చిపోయానంటే నమ్మండి.

నాలుగో నెలలో మోకాలు గుర్తు చేసింది.

ఏం చెప్పను నా అవస్థ. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు. కుంటుతూ చర్చికి పోతే సాక్ష్యం అబద్ధమైపోతుంది. అందుకని అందరికంటే ముందే పోయేదాన్ని, నేను చాప మీదకు దిగేటప్పటి మొహం ఎవరూ చూడకూడదని. ఇక లేవడం ఎట్లా? ఆఖరి ప్రార్థనకు అందరం మోకాళ్ళూనుతాం. ఆమెన్ అయ్యాక అందరూ లేచి చాపలు దులుపుతుంటే, నేను కళ్ళు మూసుకుని ఇంకా ప్రార్థనలో ఉన్నట్టు అట్లాగే ఉండేదాన్ని. చర్చి ఖాళీ అయ్యాక మా ఆయన తలుపు దగ్గర నుంచి వచ్చి, అటూ ఇటూ చూసి, చెయ్యి ఇచ్చేవాడు. తేలు కుట్టిన దొంగలా లేచి చీర సర్దుకునేదాన్ని. దీని ఫలితం ఏమైందంటే, సిస్టరమ్మ ఎంతసేపు ప్రార్థన చేస్తుందో చూశారా అని నా భక్తికి ఇంకో మెట్టు పేరు వచ్చింది. బిడ్డలకు నన్ను చూపించి నేర్చుకోమని చెప్పేవాళ్ళట. మా ఆయన ఆ మాట విని బయటికి పోయి నవ్వి వచ్చాడు.

నొప్పి ఇక ఆగక, ఖమ్మంలో ఇంకో డాక్టరుకు చూపించుకుందాం అన్నాను. భద్రాచలంలో అయితే ప్రతి మందుల షాపువాడూ నన్ను గుర్తుపడతాడు. చర్చిలో మాత్రం తిరుమలాయపాలెంలో చుట్టాలింటికి పోతున్నామని చెప్పాం. చెప్పాం అంటే నేను చెప్పాను. ఆయన పక్కన నిలబడ్డాడు.

ఖమ్మం డాక్టరు చిన్నవాడు, మా ఊళ్ళల్లో నేను టీకా వేసిన పిల్లల వయసు. ఎక్స్‌రే లైటుకు పెట్టి, ఎముక ఎముకను రాసుకుంటోందని చూపించాడు. కుడి మోకాలు మార్చాల్సిందే, ఎడమది ఇంకొన్నాళ్ళు ఆగుతుంది అన్నాడు. ఆపరేషన్ మర్నాడే నిలబెడతామని, నెలన్నర రెండు నెలలు ఓపిగ్గా కాలు వంచే వ్యాయామం చేయాలని, గొంతుక్కూర్చోవడం ఇక మర్చిపోవాలని చెప్పాడు. మోకాళ్ళూనవచ్చా అని అడిగాను. ఎందుకమ్మా అన్నాడు. ప్రార్థనకు అన్నాను. కొందరు మెత్త వేసుకుని ఊనుతారు, చాలామందికి ఇబ్బందిగానే ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. అప్పటిదాకా ధైర్యంగానే ఉన్నదాన్ని, ఆ మాటకు నీరుగారిపోయాను. పెళ్ళయిన నాటి నుంచి ఆ మంచం పక్కన ఆయన భుజానికి నా భుజం తగులుతూ ఉండేది. ఇక నేను కుర్చీలో, ఆయన కింద.

తిరుగు బస్సులో మా చర్చి ఆమె ఒకతె ఎక్కింది. సీట్లు నిండి ఉన్నాయి. నేను అప్పుడే ఒక ముసలాయన కోసం లేచి నిలబడ్డాను, తర్వాతి స్టాపులో ఖాళీ అవుతుందన్న ఆశతో. తీరా ఖాళీ అయితే ఆమె నన్ను చూసి, మీకేం సిస్టరమ్మా, దేవుడు బాగుచేసిన కాళ్ళు అని ఆ సీట్లో తను కూర్చుంది. అవునమ్మా అని పాల్వంచ దాకా నిలబడే వచ్చాను. కమ్మీ పట్టుకున్న నా చేతి మీద మా ఆయన తన చెయ్యి తెచ్చి పెట్టాడు.

అయినా వాయిదాలు వేశాను. ఎండలు తగ్గనీ అన్నాను. వానలు పోనీ అన్నాను. క్రిస్మస్ ముందు ఎందుకు అన్నాను. లోపల రెండు భయాలు. ఒకటి కత్తి భయం. ఎన్ని వేల సూదులు వేశానో లెక్క లేదు, నా ఒంటి మీద కత్తి అనేసరికి మాట మార్చేదాన్ని. రెండోది పరువు భయం, అదే పెద్దది. ఆపరేషన్ చేయించుకుంటే దాచడం కుదరదు. వాకర్ పట్టుకుని నడిచే మనిషిని ఏ సాక్ష్యం కాపాడుతుంది?

ప్రతి వాయిదాకూ మా ఆయన సరే అనేవాడు. ఒక సాయంత్రం మాత్రం, నన్ను లేపి మంచం మీద కూర్చోబెట్టి, తను కూడా పక్కన కూర్చుని, "కాలు నీది, నొప్పి నీది. కాదంటనా? కానీ లేపే చెయ్యి నాది. దాన్ని కూడ ఒకసారి అడుగు," అన్నాడు. కోపంగా అనలేదు. నేను ఆయన చెయ్యి తీసుకుని చూశాను. మణికట్టు దగ్గర వాచి ఉంది. ఎప్పటి నుంచి అని అడిగితే ఏమో అన్నాడు. ముప్పై ఏళ్ళు ఊరందరి ఒళ్ళూ పట్టి చూసినదాన్ని, ఇంట్లో మనిషి చెయ్యి చూడలేదు. సిగ్గేసింది. ఆ రాత్రి వేన్నీళ్ళ కాపడం పెట్టాను. అయినా ఆపరేషన్‌కు ఊ అనలేదు. నా మొండితనం అటువంటిది.

క్రిస్మస్ పోయాక ఒక మధ్యాహ్నం మా చర్చి అక్క ఒకామె ఇంటికి వచ్చింది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. బతుకంతా మిరప చేలల్లో కాయ ఏరింది. చాపల మీద ఎప్పుడూ నా వెనక వరుసలో కూర్చుంటుంది, గట్టిగా పాడుతుంది, రాగం మాత్రం తప్పుతుంది. గేటు దగ్గర నుంచి గుమ్మం దాకా రావడానికి ఆమెకు ఎంత సేపు పట్టిందో చూస్తూ నిలబడ్డాను. రెండు మోకాళ్ళూ బయటికి వంగిపోయాయి, కాళ్ళ మధ్య నుంచి మేకపిల్ల దూరిపోవచ్చు. కుర్చీ వేస్తే కూర్చుని, కొంగు ముడి విప్పి చిన్న నూనె సీసా తీసింది. ఆ కూటంలో ఇచ్చిన ప్రార్థన నూనె. అడుగున కొద్దిగా మిగిలింది.

రోజూ రాస్తున్నానంది. నేను ఏ మాటలతో ప్రార్థన చేశానో అడిగింది. ఉపవాసం ఉన్నానా అని అడిగింది. ఎన్ని రోజులు ఉన్నానో చెబితే తనూ ఉంటానంది. నేను మాట తప్పించి, అక్కా, నువ్వు డాక్టరుకు చూపించుకోలేదా అన్నాను. చూపించుకుందట. ఖమ్మం సర్కారు దవాఖానాలో ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారట. నా సాక్ష్యం విన్నాక పోలేదట. కోడలు తిట్టినా, మా సిస్టరమ్మ నర్సు, ఆమెకే ప్రార్థనతో బాగైంది, నాకెందుకు కాదు అని ఇంట్లోనే ఉందట.

"మరి నాకెందుకు తగ్గలేదు సిస్టరమ్మా?" అంది. "నా ఇశ్వాసంలనే ఏదో లోపముంది. ఏందో నువ్వే చూసి చెప్పు. నీకు దెలుస్తది."

ఆమె నన్ను నిలదీయడానికి రాలేదు. తన తప్పు ఏమిటో చెప్పమని వచ్చింది. టీ పెడతానని లోపలికి పోయి, పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను. మంత్రాల ముసలాయన అప్పుడు గుర్తొచ్చాడు. తన మంత్రం ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలుసు, పిల్లను భుజాన వేసుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు. నేనో, దవాఖానాకు పోవాల్సిన మనిషిని దాదాపు ఏడాది ఇంట్లో కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్ళు ఎవరినైతే తిట్టానో, వాళ్ళలో ఒక్కళ్ళు కూడా ఇంత పని చేయలేదు.

ఆ రోజే ఆమెకు చెప్పేయాల్సింది. చెప్పలేకపోయాను. టీ ఇచ్చి, ఆటో మాట్లాడి పంపించాను. సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆదివారం నువ్వు పక్కనే ఉంటావా అని అడిగాను. ఉంటనన్నాడు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో చెయ్యెత్తాను. మైకు వచ్చింది. ఈసారి అది బరువుగా ఉంది. సోమవారం సూది వేయించుకున్నానని చెప్పాను. ఏ మందో, ఎన్నాళ్ళు పని చేస్తుందో నాకు తెలిసే ఉందని చెప్పాను. నాలుగో నెల నుంచి కుంటుతున్నానని, ఎక్కువసేపు ప్రార్థన చేస్తున్నట్టు కనిపించింది లేవలేకనే అని చెప్పాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ఉష్ అన్నారు. ఆపరేషన్ అవసరమైనవాళ్ళు నా మాట పట్టుకుని ఆగితే ఆ పాపం నాదేనని, దయచేసి దవాఖానాకు పొండని చెప్పి మైకు ఇచ్చేశాను. మైకు పాస్టరు గారే అందుకున్నారు. ఆ తర్వాత స్తోత్రం అన్నారు గానీ, రోజూ అన్నంత గట్టిగా అనలేదు.

ఆఖరి ప్రార్థన అయ్యాక కళ్ళు మూసుకోలేదు. అందరూ చూస్తుండగానే మా ఆయన ఆడవాళ్ళ వైపు వచ్చి చెయ్యి ఇచ్చాడు. అందరి ముందూ మూలుగుతూ లేచాను. ఎన్ని నెలల తర్వాతో హాయిగా మూలిగాను.

అక్క మాత్రం నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. రెండు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. నేను వాళ్ళింటికి పోతే కోడలు బయటికి వచ్చి, అత్త పడుకుందని చెప్పింది. లోపల ఆమె దగ్గు వినిపిస్తూనే ఉంది. మూడో వారం తనే వచ్చింది. ఈసారి కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి నన్ను కడిగిపారేసింది. ఇంటి పనంతా కోడలి మీద పడిందని, తను పాకుతూ దొడ్డికి పోయానని, అయినా సిస్టరమ్మ మాట అని ఓర్చుకున్నానని. తల దించుకుని విన్నాను. నాకు కోపం రాని రోజు నా జీవితంలో అదొక్కటే. కొత్త తేదీ అడుగుదాం, నేనే వెంట వస్తాను అక్కా అన్నాను.

"నేను రాను," అంది. "ముందుగాల నువ్వు జేయించుకో. ఈసారి నీ నోరు గాదు, నీ కాలు జూసి నమ్ముత."

అదీ నా నిర్ణయం జరిగిన తీరు. ఇద్దరు డాక్టర్లు చెప్పినా, మా ఆయన మణికట్టు వాచినా కదలని దాన్ని, ఆ ఒక్క మాటకు కదిలాను. మర్నాడే ఖమ్మం ఫోన్ చేయించాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వెన్నులో సూది వేసేటప్పుడు నేను ఎంతమందికి చెప్పానో ఆ మాటే ఒక చిన్న నర్సు నాకు చెప్పింది, కదలకు అమ్మా, చీమ కుట్టినట్టుంటది అని. చీమ కాదు. ఇకముందు ఎవరికీ ఆ మాట చెప్పను. మర్నాడు నిలబెట్టారు. ఇంటికి వచ్చాక వ్యాయామం నేర్పే పిల్ల కాలు వంచుతుంటే ఆమెను నేను అన్న మాటలకు తర్వాత క్షమాపణ అడగాల్సి వచ్చింది. రెండు వారాల దాకా ఎందుకు చేయించుకున్నానురా దేవుడా అనుకున్నాను. అది కూడా దాచకూడదు.

అక్క ప్రతి ఆదివారం చర్చి కాగానే ఆటోలో వచ్చేది. పలకరింపు లేదు, పండ్లు లేవు. ఎదురుగా కూర్చుని, వంచు అనేది. వంచేదాన్ని. పోయిన వారం ఇంకింత వంగిందే అనేది. అది తప్పు, ఈ వారమే ఎక్కువ వంగింది అని నేను పోట్లాడేదాన్ని. మా ఆయన మా ఇద్దరి మధ్య స్కేలు పట్టుకున్న పంతులులా నిలబడేవాడు. ఆరో వారం నేను వాకర్ వదిలి గేటు దాకా నడిచి, తిరిగి వచ్చాను. అక్క కళ్ళార్పకుండా చూసింది. నొప్పి ఉందా అంది. ఉంది, పాత నొప్పి కాదు, కొత్త నొప్పి, రోజు రోజుకు తగ్గుతోంది అన్నాను. అబద్ధమా అంది. కాదక్కా అన్నాను. లేచి, నా మోకాలి మీది గాటు మచ్చను వేలితో పై నుంచి కింది దాకా తడిమి చూసింది.

కొత్త తేదీ దొరికింది. వార్డులో ఆమెతో పది రోజులు నేనే ఉన్నాను, కోడలికి కూలి పోకుండా. ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు ప్రార్థన చెయ్యమంది. అలవాటు కొద్దీ మంచం పక్కన వంగబోయి, గుర్తొచ్చి నిలబడ్డాను. నిలబడే చేశాను. ఆమె నా చెయ్యి వదలకుండా పట్టుకుంది. రెండు మోకాళ్ళూ మార్చాక చూస్తే, అక్క కాళ్ళు ఇంత తిన్నగా ఉండడం ఆమె కోడలే ఎప్పుడూ చూడలేదట.

పోయిన ఆదివారం అక్క సాక్ష్యం చెప్పింది. మైకు అవసరం లేని గొంతు ఆమెది. డాక్టరు పేరు చెప్పింది, మత్తు సూది గురించి చెప్పింది, గోలీల రంగులు చెప్పింది, వ్యాయామం చేయించిన పిల్ల తన తిట్లు ఎన్ని తిన్నదో చెప్పింది. వీళ్ళందరి చేతుల్లో దేవుడున్నాడంది. ఆఖరుకు నా వైపు చూసి, "సిస్టరమ్మ ఒకసారి ఆగం జేసింది, మల్ల తనే వచ్చి నిలబెట్టింది. రెండూ నాకు యాదున్నయి," అంది. చర్చి అంతా స్తోత్రం అంది. పాస్టరు గారు ఈసారి గట్టిగానే అన్నారు.

ఆఖరి ప్రార్థనకు అందరూ మోకాళ్ళూనారు. అక్కా నేనూ వెనక గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. ఆమె భుజం నా భుజానికి తగులుతూ ఉంది. ఆ కుర్చీలు అంత చెడ్డవేం కావు.

సాయంత్రం ఇంట్లో మంచం పక్కన ఆయన కింద, నేను కుర్చీలో. ఆమెన్ అన్నాక ఆయన లేవబోయి ఆగిపోయాడు. ఎడమ మోకాలు. మంచం పట్టె కోసం వెతికాడు. ఇన్నాళ్ళూ నన్ను లేపే తొందరలో ఆ నొప్పిని ఎలా దాచుకున్నాడో నాకు తెలియదు. నేను కుర్చీలో నుంచి లేచాను, ఆయన ఎదుటికి వెళ్ళి నిలబడి చెయ్యి చాచాను. ఆయన ఆ చేతిని చూశాడు, నన్ను చూశాడు.

"రైట్, రైట్," అన్నాను.

నా చెయ్యి పట్టుకుని మెల్లగా లేచాడు.